పల్చటి పిల్లకి కొవ్వెక్కడిది

మంగళవారం రాత్రి

మనవరాలు రాధిక నన్ను బెంజ్ సర్కిల్‌లో డాక్టరమ్మ దగ్గరికి తోడు తీసుకెళ్లింది. ఒంట్లో ఒకచోట కొవ్వు తీసి రొమ్ముల్లో పెడతారట. రాయడానికే సిగ్గుగా ఉంది. పిల్లకి ఎన్నాళ్లనుంచో అదే దిగులట. నన్నే ఎందుకే అంటే, "నువ్వయితే ఏమీ అడగవు తాతయ్యా" అంది.

బయట కూర్చుంటానన్నా వినలేదు.

"బాగా సన్నగా ఉన్నారు కదమ్మా, తొడల దగ్గర కాస్తే దొరుకుతుంది. పెట్టినదాంట్లోనూ కొంత కరిగిపోతుంది. కొద్దిగా తేడా తెలుస్తుంది, మీరనుకున్నంత రాదు" అన్నారు డాక్టరమ్మ.

రాధిక తల దించుకుంది.

నాకు మగ్గం నేసిన రోజులు గుర్తొచ్చాయి. చీరకి చిల్లు పడితే ఆ చీర కొసలోంచే పోగులు లాగి రఫ్ఫు చేసేవాళ్లం. వేరే నూలు కలవదు. కొసలో పోగులుంటేనే ఆ పని.

ఉండబట్టలేక అడిగాను. "సున్నుండలు పెడుతున్నానండీ. కాస్త ఒళ్లు చేశాక తీసుకురమ్మంటారా?"

ఆవిడ నవ్వారు. "దీనికోసమని తిని పెరిగితే, మళ్లీ చిక్కినప్పుడు పెట్టిందీ చిక్కుతుందండి. ఎప్పుడూ ఉండే బరువులోనే చేయించుకోవాలి."

చేతిసంచిలో సున్నుండల డబ్బా ఉంది. సంచి కుర్చీ కిందకి తోశాను.

ఆటో పటమటలో ఇంటి దగ్గరికొచ్చింది. దిగేముందు రాధిక నా చేతిసంచి వైపు చెయ్యి చాపింది. "ఒకటివ్వు. ఆపరేషన్ కోసం కాదులే, ఆకలేస్తోంది."

సగం తిని సగం నాకిచ్చింది. చేయించుకుంటుందో లేదో చెప్పలేదు. తెలుసుకోవాలనే ఉంది. ఈసారి అడగలేదు.