నాన్నగారు చెప్పిన ఊపిరి

సామర్లకోట, జూలై 1991

ప్రియమైన నాన్నగారికి,

ఉమాశ్రీ నమస్కారాలు. మీ అల్లుడుగారు స్కూటర్ మీంచి పడ్డారని రాశాను కదా. హ్యాండిల్ ఎడమ పక్కటెముకల కింద గట్టిగా తగిలింది. ఎముకలేవీ విరగలేదన్నారు, ఫ్యాక్టరీకి వెళ్తున్నారు. కానీ నాలుగు ముద్దలు తింటే చాలు, ఆయాసం. విరేచనం సరిగ్గా అవడం లేదు. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్దామా?

మీ ఉమ

రాజమండ్రి

చిరంజీవి ఉమకు ఆశీస్సులు.

దీనికి ఆసుపత్రి ఎందుకు? జీవితమంతా సైన్సు చెప్పినవాణ్ణి. పొద్దుటే గోదావరి గట్టు మీద నా దగ్గర ఊపిరి నేర్చుకునేవాళ్లలో ప్లీడర్లున్నారు. ఊపిరితిత్తులకీ పొట్టకీ మధ్య డయాఫ్రం అని గొడుగులాంటి కండరం ఉంటుంది. గాలి పీల్చినప్పుడల్లా అది కిందికి దిగి పేగుల్ని నొక్కుతుంది. అలా నొక్కితేనే పేగులు చక్కగా కదులుతాయి. మీ ఆయన మణిశంకర్‌ది పైపై ఊపిరి. రెండు పూటలా పొట్ట నిండా పీల్చి బిగబట్టమను. నువ్వు పక్కన కూర్చుని లెక్కపెట్టు. బద్ధకిస్తే ఊరుకోకు.

మీ నాన్న, శ్రీరామమూర్తి

సామర్లకోట

ప్రియమైన నాన్నగారికి,

మీరు చెప్పినట్టే చేయిస్తున్నాను. మొదట కాస్త నయమనిపించింది. ఇప్పుడు విరేచనం అసలే లేదు. గాలి బిగబడితే ఎడమ భుజంలో పోటు అంటున్నారు. నిన్న ఆయన గుండెల మీద తల ఆనిస్తే లోపల గుడగుడమని చప్పుడు. కడుపులో కాదు నాన్నగారూ, రొమ్ములో. "మీ నాన్నగారికి ఇది తెలీదేమోనే" అన్నారాయన. నేను కోప్పడ్డాను. కానీ భయంగా ఉంది.

మీ ఉమ

రాజమండ్రి

ఉమకు,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. పేగులు పొట్టలో ఉంటాయి, రొమ్ములో ఉండవు. బడిపిల్లలకి తెలుసు. నువ్వు సైన్సులో ఎలా గట్టెక్కావో నేను మర్చిపోలేదు. అతను మొదటినుంచీ నాజూకు మనిషి, పెళ్లిచూపుల్లోనే కనిపెట్టాను. అతను మూలుగుతుంటే నువ్వు వంతపాడుతున్నావు. లెక్క రెట్టింపు చెయ్యి. ఆసుపత్రికి తీసుకెళ్లావంటే ఇక నాకు ఉత్తరం రాయకు.

శ్రీరామమూర్తి

సామర్లకోట

నాన్నగారికి,

రెట్టింపు చేయించాను. శుక్రవారం పొద్దున్న నేను లెక్కపెడుతుండగానే ఆయన పెదాలు నల్లబడ్డాయి. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్తే వెంటనే ఆపరేషన్ చేసి చూశారు. పడిన రోజే డయాఫ్రం చిరిగిందట. ఆ చిరుగులోంచి పేగు రొమ్ములోకి ఎక్కి, మెలిబడి, కుళ్లిపోయింది. చిరిగిన డయాఫ్రంతో గట్టిగా పీల్చిన ప్రతి ఊపిరీ పేగుని ఇంకాస్త పైకి లాగుతుందట. ముందే తెచ్చుంటే కుట్టేసేవాళ్లమన్నారు.

ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లే ముందు కూడా "లెక్కపెట్టు ఉమా, చేస్తాను" అన్నారు. నేను లెక్కపెట్టాను.

ఆదివారం పోయారు. ఇదంతా ఎవరు చేయించారని డాక్టరుగారు అడిగారు. మా నాన్నగారు చెప్పారు, నేను చేయించాను అన్నాను.

దహనానికి మీకు కబురు పెట్టొద్దన్నది నేనే. పదో రోజుకి అమ్మను పంపండి. మీరు రాకండి.

ఉమాశ్రీ