అప్పలమ్మ చేతికి కుట్లు వేయలేదు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గోల్‌బజార్‌లో నీ క్లినిక్‌ని నేనే నడుపుతున్నాను గానీ, కుట్లు వేసే గదికి తాళం పెట్టేశాను. లైసెన్సు రెన్యువల్‌కి తనిఖీకి వచ్చినవాళ్లు ఆ గది ఉండాలంటే తలుపు వెడల్పు చేయాలన్నారు, ఫైర్ సర్టిఫికెట్ కావాలన్నారు. ఇంటి ఓనరేమో గోడ ముట్టుకోనివ్వలేదు. చివరికి, ఇక్కడ మందులు మాత్రమే రాసిస్తామని సంతకం పెట్టి ఇచ్చాను.

పొద్దున చేపలమ్మే అప్పలమ్మ వచ్చింది. కత్తిపీట తగిలి చెయ్యి తెగితే కొంగు చుట్టుకుంది.

"పెద్దాసుపత్రికి వెళ్లు అప్పలమ్మా, ఇక్కడ కుట్టకూడదు," అన్నాను.

"మీ నాన్నగోరైతే కుట్టీసీవోరు కదమ్మా. నీకేటి ఇబ్బంది?"

"కుడితే లైసెన్సు పోతుంది."

"ఠీక్ హై తల్లీ, నా వల్ల నీకు మాట రాకూడదు," అని నాకే ధైర్యం చెప్పి రిక్షా ఎక్కింది.

కుట్టకూడదన్నది రూలే నాన్నా. కానీ ఆ కొంగు విప్పి, గాయం ఎంత లోతుందో చూడొద్దని ఏ రూలూ చెప్పలేదు. నేను కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.