రబ్బరు పీక ఎవరిచ్చారు

బుధవారం

మా పాప చిన్నికి నాలుగేళ్లు నిండబోతున్నా రబ్బరు పీక నోట్లో లేనిదే నిద్రపోదు. ఈరోజు మా అత్త, నేను పాపను ఆత్మకూరులో పళ్ల డాక్టరమ్మకు చూపించాం. మొదట నోరు తెరవలేదు. డాక్టరమ్మ చిన్న అద్దం చేతికిచ్చి "ముందు మీ అవ్వ పళ్లు చూడు" అనగానే నవ్వేసి, తర్వాత తనే తెరిచింది.

"పై పళ్లు ముందుకొస్తా ఉండాయి. ఇప్పుడు మాన్పిస్తే చాలావరకు సర్దుకుంటాయి. ఎవరు అలవాటు చేసినారు?"

నేను చెప్పేలోపే అత్త, "నేనేమ్మా. ఏడస్తా ఉంటే తట్టుకోలేక ఇచ్చినాను" అంది.

కొన్నది నేను. చిన్నికి ఆరో నెలలో నేను మళ్లీ బడికి పాఠాలు చెప్పడానికి వెళుతూ నోట్లో పెట్టాను. అత్త వద్దనే అంది.

ఇంటికి తిరిగొస్తూ మర్రిపాడు బస్సులో, అలా ఎందుకు చెప్పిందని అడిగాను. "నన్నంటే ఏమయితాది? నిన్నంటే నువ్వు రేపు ఉద్యోగం మానేస్తానంటావు" అంది.

రాత్రి పీక ఇవ్వలేదు. చిన్ని గంటసేపు ఏడ్చింది. అత్త ఎత్తుకోబోతే, "నేను చూసుకుంటా అత్తా. మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మకు నిజం నేనే చెప్తాను" అన్నాను. ఆమె లోపలికి వెళ్లింది.

చివరికి చిన్ని నా బొటనవేలు పట్టుకుని నిద్రపోయింది. ఇప్పుడే అత్త తలుపు దగ్గరికొచ్చి అడిగింది.

"పండుకునిందా?"

"పడుకుంది."

"మరి నువ్వు?"