తెగిన పోగు

తమ్మీ,

నీ సంవత్సరీకం మొన్న అయిపోయింది. నిన్న నీ బిడ్డ నన్ను మాన్కోలి అవతల వాడా అనే ఒక పాత జమీందారు భవంతికి తీసుకుపోయింది. పొలాలతో, పశువుల కొట్టాలతో ఉన్న ఆ నూటయాభై ఏళ్ల నాటి వాడాను ఇప్పుడు మ్యూజియం చేశారు.

నాగళ్లు, గాదెలు దాటి వెళితే ఒక కొట్టంలో చేతిమగ్గం ఉంది. దాని పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. తెగిన పోగును చూసి ఊరుకోవడం మన ఇంట్లో ఎవరికి వచ్చు? మగ్గానికి దండం పెట్టుకుని, అడ్డం కట్టిన తాడు కింద నుంచి దూరి, ముడి వేశాను.

“అరే మౌసీ, హాత్ మత్ లగావ్!” ముట్టుకోవద్దని కావలివాడు అరిచాడు.

“బయటికి రా అత్తా! ఇదేమన్న మన కార్ఖానా అనుకున్నవా?” అని నీ బిడ్డ నవ్వింది. బయటికి వచ్చాక మెల్లగా అడిగింది. “బాపు సాంచాలు గూడ గిట్ల ఎక్కడన్న పెట్టిండ్రా?”

నువ్వు పోయాక నార్పోలిలో నీ నాలుగు సాంచాలను, ఆ మరమగ్గాలను, తుక్కువాళ్లకు అప్పగించింది నేనే. చివరిదాని మీద నువ్వు నేస్తూ వదిలిన పడుగు ఇంకా ఉంది. అది అడ్డం వస్తోందని వాళ్లంటే, కత్తెర తెచ్చి నేనే కోశాను.

పొద్దున దీపం పెట్టి కూర్చున్నాను. దేవుణ్ణి ఏమడగాలో తోచలేదు. కొత్త పడుగు అతకడానికి పాత పోగుల కొసలు మగ్గం అచ్చులో మిగల్చాలని నాన్న చెప్పేవాడు.

నేను ఒక్క కొస కూడా మిగల్చలేదు తమ్మీ.

మీ అక్క