లీకు ఎక్కడుందని అడిగిన మామ

మంగళవారం, రాత్రి

ఐసీయూలో నాన్న ముఖం గుర్తుపట్టలేనంత ఉబ్బింది. జోకు వేయాలనిపించింది. రాలేదు. ఏడుపూ రాలేదు.

ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందట. రక్తనాళాలు కారి, ఆ నీరే ఒళ్లంతా చేరుతోందట. రక్తాన్ని బయటికి తీసి, ఫిల్టర్లో శుద్ధి చేసి, మళ్లీ ఎక్కించే మిషన్ పెడతారట. పనిచేస్తుందని మాత్రం మాటివ్వలేమంది డాక్టరమ్మ.

పవర్ ప్లాంటులో నాన్నతోపాటు బాయిలర్ చూసే యూసుఫ్ మామ ఊరుకోలేదు.

"లీకు యాడుందో జెప్పుండ్రి మేడం. మేమైతే యూనిట్ బంద్ జేసి వెల్డింగ్ కొడ్తం."

"ఒక్కచోట కాదండీ, అంతటా. బంద్ చేయడానికి వీల్లేదు."

మామ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

సంతకం నన్ను పెట్టమన్నారు. ఇంజనీరింగులో నాలుగు సబ్జెక్టులు తప్పిన మహానుభావుడే ఇప్పుడు ఇంటి పెద్ద. పెట్టాను.

బయట బెంచీ మీద అమ్మ అడిగింది. "మిషన్ పెడితే మంచిగైతడా రా?"

"అయితడమ్మా. డాక్టరమ్మనే చెప్పింది."

ఇరవై రెండేళ్లలో నా మాట ఒక్కటీ నమ్మని మనిషి, దీన్ని వెంటనే నమ్మింది. పొద్దుటినుంచి ముట్టని డబ్బా విప్పి, నాలుగు ముద్దలు తిన్నది.