బుడగల పరీక్ష

అక్కా,

నేను చాటుగా తాగడం వల్లే కుడిచేయి పడిపోయిందని తేల్చేసి, నువ్వు నాతో మాట్లాడటం మానేసి మూడు వారాలైంది. చేయి ఇప్పుడిప్పుడే స్వాధీనంలోకి వస్తోంది, అక్షరాలు వంకర పోతే తిట్టుకోకు.

నలభై నాలుగేళ్లకే పక్షవాతం ఎందుకొచ్చిందో ఎన్ని పరీక్షలు చేసినా ఎవరికీ అంతుపట్టలేదు. నిన్న డాక్టరమ్మ బుడగలు కలిపిన ఉప్పునీళ్లు నా నరంలోకి ఎక్కించి, తెరమీద నా గుండెను చూపించింది. కుడి గదిలోని బుడగలు గోడ దాటి ఎడమ గదిలోకి వచ్చేశాయి.

"పంక్చరే కదమ్మా!" అని అరిచేశాను. ఇరవై ఏళ్లుగా నా షాపులో ట్యూబును నీళ్లలో ముంచి నేను వెతికేదీ బుడగలనే కదా!

"ఆ దారినే రక్తపు గడ్డ మెదడుకు పోయి ఉంటుంది" అందామె. కడుపులో ఉన్నప్పుడు బిడ్డలందరికీ ఆ కన్నం ఉంటుందట. పుట్టి ఊపిరి పీల్చాక మూసుకుంటుందట. నలుగురిలో ఒకరికి మూసుకోదట, చాలామందికి ఆ సంగతే తెలియదట. నాది బుధవారం మూస్తారు.

అమ్మ లేదు, ఇంక నిన్నే అడగాలి. నేను పుట్టినప్పుడు నువ్వు గది బయటే నిలబడి ఉన్నావు కదా, గట్టిగా ఏడ్చానా? దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ నవ్వింది. అయినా బుధవారంలోపు నువ్వు వచ్చి చెబితే వినాలనుంది.

నీ తమ్ముడు