అగినాయ అవ్వ కంటే ముందు

వదినా,

మీరు బాగియోలో విన్నది నిజమే. విత్తే కాలం తెచ్చే కిలింగ్ పిట్ట ఇంకా రాకముందే మీ తమ్ముడు మన మడిలో నారు పోసేశాడు. ఏటా ఊరికి తొలి విత్తు వేసే అగినాయ అవ్వ కంటే ముందు ఎవరు విత్తినా లోయంతా ఎలకలు పడతాయని ఊరు ఊరంతా మా మీదికొచ్చింది. మొలకలన్నీ తొక్కించేయాలన్నారు. మళ్ళీ పోయడానికి మాకు విత్తనం లేదు.

అవ్వ కర్ర పోటేసుకుంటూ గట్లన్నీ దిగొచ్చింది. "ఎందుకర్రా ఆ అరుపులు? మోకాళ్ళు లేవక నేనే పొయ్యమన్నాను. ఇది నా నారు" అంది. ఆమె అబద్ధమాడగా ఎప్పుడూ వినలేదు వదినా! అందరూ గట్లెక్కి వెళ్ళిపోయారు.

తర్వాత మీ తమ్ముడి చెవి మెలేసి, "ఏరా, పిట్టకి మన లోయ దారి తెలీదనుకున్నావా?" అంది. అన్న మాట నిలబెట్టుకోవాలిగా, మన నారు తను తీసుకుని, తన విత్తనపు వరి వెన్నుల కట్ట మాకిచ్చేసింది.

నిన్న పిట్ట వచ్చింది. ఆయన ఆ కట్ట పట్టుకుని పొద్దుట్నించీ అవ్వ గుమ్మంలో కూర్చున్నాడు. "వెళ్ళి పోసుకోరా" అని ఆమె తిడుతోంది. "మొదటి వెన్ను నీ చేత్తోనే పడాలవ్వా" అంటాడే గాని కదలడే!

మీ మరదలు